ధ్యాసకట్టు

నేల మీద పచ్చటి వెలుగుచుక్క జరుగుతోంది. దాని వెనకాలే వామనమూర్తి హాలు దాటుతున్నాడు. పార్కిన్సన్స్ ముదిరిన మనిషి ఇంత తిన్నగా నడుస్తాడంటే పాతకాలపు వైద్యులు నమ్మేవారు కాదు. పాదాల మీద మనసు పెడితే అవి మొరాయిస్తాయి, బయటి వస్తువు మీద పెడితే దారికొస్తాయి. మనసుని ఆ చుక్క మీద నిలిపేది నుదుటికి చుట్టిన ధ్యాసకట్టు. కాకినాడలో ఇప్పుడు బడిపిల్లల నుంచి రేవులో క్రేన్లు నడిపేవాళ్ల దాకా అందరి నుదుటా అదే.

ఒంట్లో మందు చాలినంత ఉంటే కట్టు వదులుగా ఉంటుంది, మాటలూ చప్పుళ్లూ వినిపిస్తాయి. మందు తగ్గితే బిగించేసి, చుక్క తప్ప వేరే లోకం లేకుండా చేస్తుంది. పప్పు మందుని ఒంటికి పట్టనివ్వదని, మాత్రకీ తిండికీ ఎడం ఉండాలని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఈ ఉదయం మూర్తి జిహ్వ చంపుకోలేకపోయాడు. మాత్ర ఎప్పుడో వేసుకున్నానని భార్య హైమావతితో అబద్ధమాడి, వేడి పెసరట్లు లాగించాడు. మాత్ర మింగింది ఆ తర్వాతే.

బాల్కనీలో కుర్చీలో కూలబడగానే, ఇక నడక లేదు కనక కట్టు వదిలింది. అప్పుడు వినిపించింది.

"ఏమండీ..."

గొంతు అప్పటికే బొంగురుపోయింది. హైమావతి నూనె మీద కాలు జారి, హాలు మధ్యలో పడి ఉంది. అడ్డం ఉందని చుక్క ఆమెని తప్పించి పక్కగా జరిగింది, ఆయనా దాని వెంటే వచ్చేశాడు.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆమె మొదట అడిగింది, "మీరు పడలేదు కదా?" అని. మూర్తికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నా తప్పే హైమా. నీతో అబద్ధం చెప్పాను. మాత్ర అట్ల మీదే వేసుకున్నాను."

"తెలుసులెండి. ఇష్టంగా తింటున్నారని నేనే ఊరుకున్నాను."

ఆ మాటతో ఆయన మరీ కుంగిపోయాడు.

కట్టు తయారుచేసినవాళ్లు వచ్చి, ఆమె గొంతుని దానికి నేర్పి వెళ్లారు. ఆమె పిలిస్తే ఎంత బిగువైనా సడలిపోతుంది, ఇక భయం లేదన్నారు.

ఇంటికి వచ్చాక హైమావతి ఆయన్ని పిలవడమే మానేసింది. వాకర్ పట్టుకుని, పళ్లు బిగబట్టి తన మంచినీళ్లు తనే తెచ్చుకుంటోంది. తనకు ఈ శిక్ష పడాల్సిందే అనుకున్నాడు మూర్తి. చివరికి ఉండబట్టలేక ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"నాలుగు తిట్టరాదూ. ఇలా చంపకు హైమా. నీళ్లకైనా పిలవవేం?"

ఆమె ఆయన నుదుటి కట్టు సర్దింది.

"మీరు నడుస్తున్నారో, కూర్చున్నారో ఈ గదిలోంచి నాకు కనపడదు కదండీ. పిలిస్తే అది వదిలేస్తుంది. పడిపోతారు."