గోడపక్క నాలుగో గడ్డం

శనివారం తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకు నేను మా బావమరిది బాత్రూంలో అద్దం ముందు నిలబడి, కళ్లకింద ఐసు ముక్క రుద్దుకుంటున్నాను. అప్పుడే మా ఆవిడ ఫోను చేసింది కాబట్టి టైము గుర్తుంది.

"ఎక్కడున్నారు?"

"వీడి ఇంట్లోనే. ఇప్పుడే వచ్చాం."

"ఇప్పుడా! పదకొండుకి రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండాలి. వాడి మొహంలో పెళ్లికళ కనిపించాలి గానీ ప్రేతకళ కాదు. మిమ్మల్ని నమ్మి పంపాను. వాడికేమైనా అయిందా, మీతో మాట్లాడను."

ఊరికే అన్న మాట కాదది. తల్లి పోయేనాటికి వాడికి పదకొండేళ్లు. అప్పటినుంచి వాణ్ణి పెంచింది ఈ అక్కే. మా పెళ్లిలో ఫొటోలన్నిటిలోనూ మా ఇద్దరి మధ్యా వాడుంటాడు.

అద్దంలో చూస్తే ఆవిడ భయం న్యాయమే అనిపించింది. ఊరి బయట రోడ్డు పక్క హోటల్లో బొగ్గుల పొగ మధ్య అయిదు గంటలు కూర్చుని వచ్చాం. కళ్లు వాచి ఉన్నాయి. చర్మం బూడిద రాసినట్టుంది. పెళ్లికొడుకు మొహం నాకంటే అధ్వానంగా ఉంది. బాధపడాల్సినవాడు కూడా వాడే. అద్దం పక్క అరలో పదకొండు సీసాలు ఎత్తు ప్రకారం వరుసగా, లేబుళ్లు బయటికి తిప్పి పెట్టుకున్నవాడు వాడు. కడుక్కోవడానికొకటి, తుడుచుకోవడానికొకటి, రాత్రికొకటి, ఎండకొకటి.

"ఒరేయ్, ఇవన్నీ రాసుకుంటే కింద నీ మొహం మిగులుతుందా?" అన్నాడు వాడి స్నేహితుడు. మా ఆఫీసులో ఈ స్నేహితుణ్ణి బాకా అంటారు. మెలకువలో గొంతు, నిద్రలో గురక, రెండూ వీధి చివరిదాకా వినిపిస్తాయి.

"నీకైతే మిగలడానికి ఏముందిరా, నోరు తప్ప," అన్నాడు బావమరిది.

నాలుగూ పాతికకి సెలూన్ బాబాయ్ రేకు పెట్టెతో వచ్చాడు. వీధి మలుపులో ఆయన షాపు. ఏడింటికి గానీ తెరవడు. పెళ్లని చెబితే, ఆరింటి ఆసుపత్రి డ్యూటీకి ముందే వస్తానన్నాడు. అక్కడ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి గడ్డాలు తీస్తాడు. ఇంటివాళ్లు అడిగితే, తిరిగి లేవనివాళ్లకీ తీస్తాడు.

ఆయన పని పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ముందు బొటనవేలు చెంపమీద పెట్టి, ఆ గడ్డం ఎన్నాళ్లదో చెబుతాడు. బాకాది రెండు రోజులదన్నాడు, నాది నిన్న పొద్దుటిదన్నాడు. రెండూ నిజమే. బ్లేడును కాగితంలోనే మధ్యకి విరిచి సగం ఒకరికి, సగం ఇంకొకరికి వాడతాడు. వాడిన సగాన్ని పక్కన కాగితంమీద పెడతాడు. గీశాక పటిక రాస్తాడు. రాసి ప్రతివాణ్ణీ ఒక్కమాట అడుగుతాడు: "మంటగా ఉందా?"

"మంట పెట్టి మళ్లీ అడుగుతావేంటి బాబాయ్?" అన్నాడు బాకా.

"మంట తెలిస్తే చర్మం బాగున్నట్టు. అలవాటైపోయింది అబ్బాయ్. ఆసుపత్రిలో కింది గదిలో కూడా నోరుజారి అడిగేస్తుంటాను. పలకరుగా… అప్పుడు గుర్తొస్తుంది."

బాకా నవ్వాడు. మా వాడు నవ్వలేదు. "పెళ్లిరోజు ఆ కబుర్లెందుకు బాబాయ్," అన్నాడు.

వంగితే నడుం పట్టేస్తోందని, మమ్మల్ని హాల్లో చాపలమీద వెల్లకిలా పడుకోమన్నాడు. తను పీట వేసుకుని తలల దగ్గర కూర్చున్నాడు. తలుపు వైపు బాకా, మధ్యలో పెళ్లికొడుకు, చివర నేను. నాకు ఎడమపక్క గోడ. మూడు చాపలు, మూడు దిళ్లు. పాతికేళ్లుగా పత్రికలో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. శీర్షికలో నలుగురని ఉండి కింద ముగ్గురి పేర్లే ఉంటే పట్టుకోవడం నా ఉద్యోగం. లెక్కపెట్టనిదే నాకు తోచదు.

నాలుగూ నలభైకి కరెంటు పోయింది.

"మరేం పర్లేదు," అన్నాడు బాబాయ్. పెట్టెలోంచి నుదుటికి కట్టుకునే లైటు తీశాడు. చిన్న వెలుగు. పళ్లెమంత మేర కనిపిస్తుంది, దాని చుట్టూ ఏమీ ఉండదు. మా కళ్లమీద ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు మడిచి వేశాడు. ఫ్యాను ఆగింది. ఎక్కడో కొళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. నురగలోని నిమ్మ వాసన, మా బట్టల్లోని పొగ వాసన, రెండూ కలిసిపోయాయి. ఒళ్లు అలసిపోయింది గానీ నిద్ర రాలేదు. కాళ్లు కుదురుగా ఉండటం లేదు.

టిక్. బ్లేడు విరిగింది. బాకా చెంపమీద కత్తి నడుస్తున్న చప్పుడు.

"మంటగా ఉందా?"

"అబ్బ! ఉంది బాబాయ్."

గీశాక మొహానికి మట్టి పూత. అది బావమరిది తెచ్చిన ట్యూబులోది. పూత ఆరేవరకు, అంటే పావుగంట, మాట్లాడకూడదు, కళ్లు తెరవకూడదు. ఈ నియమం వాడిదే. కాసేపటికి బాకా గురక మొదలైంది.

పీట జరిగింది. తర్వాత మా వాడు.

"మంటగా ఉందా?"

"కొంచెం."

పీట మళ్లీ జరిగింది. టిక్. నా వంతు. ఆయన వేళ్లు వెచ్చగా ఉన్నాయి. పటిక తగలగానే మండింది, ఉందని చెప్పాను. చల్లటి మట్టి నుదుటినుంచి మెడదాకా పూశాడు. "ఇక కదలకు," అన్నాడు.

అయిపోయిందనుకున్నాను. పెట్టె సర్దుకునే చప్పుడు కోసం ఎదురుచూశాను.

పీట జరిగింది.

ఎడమవైపుకి.

నాకు ఎడమవైపు గోడ తప్ప ఏమీ లేదు. ఏదో పెట్టుకోవడానికి జరిగాడనుకున్నాను. కుంచె కప్పులో తిరిగింది. నురగ తడితడిగా ఏదో చర్మంమీద పరుచుకుంది. తర్వాత కత్తి. మా చెంపలమీద నడిచినట్టు సరసరా కాదు… ఆగి, ఆగి… ఏదో తప్పించుకుంటూ నడుస్తున్నట్టు. సరిగ్గా నా ఎడమ చెవి దగ్గర.

బాబాయ్ గొంతు, గుసగుసగా:

"ఎవరు కుట్టారు నాయనా ఇక్కడ…"



మధ్య చాపమీద మా వాడి ఊపిరి వినిపిస్తోంది. తలుపు దగ్గర బాకా గురక వినిపిస్తోంది. నాది నాకు వినిపిస్తోంది. మూడు. ఎడమవైపు… కత్తి చప్పుడొక్కటే. నిమ్మ వాసన కింద ఇంకో వాసన తగిలింది. గాయం తుడిచే స్పిరిట్ వాసన.

"మంటగా ఉందా?"

…

"మంటగా ఉందా నాయనా?"

…

కత్తి ఆగింది. ఆయన ఊపిరి కూడా ఆగినట్టు అనిపించింది. కొళాయి బొట్టు… మళ్లీ బొట్టు…

నోరు తెరిస్తే పూత పగులుతుందని నేను పలకలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పలికితే, బాబాయ్ కాకుండా ఇంకెవరైనా జవాబిస్తారేమోనని పలకలేదు. ఎడమచేయి మెల్లగా జరిపాను. చాప అంచు. నేల. తర్వాత గోడ. జానెడు దూరం. అందులో మనిషి కాదు గదా, దిండు కూడా పట్టదు.

గోడ తడిగా ఉంది.

చేయి లాక్కున్నాను. కరెంటు వచ్చేదాకా మళ్లీ చాపలేదు.

అయిదూ పదికి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. తువ్వాలు తీసి లేచి కూర్చున్నాను. బాబాయ్ పీట గోడకి దగ్గరగా, నా చాప దాటి ఉంది. ఆయన తల వంచుకుని పెట్టె సర్దుతున్నాడు. మా వాడు బాత్రూంలోకి పరిగెత్తాడు, పూత ఎక్కువసేపు ఉంటే చర్మం ఎండిపోతుందట.

కాగితంమీద వాడిన బ్లేడు ముక్కలున్నాయి. లెక్కపెట్టాను. నాలుగు. నాలుగింటికీ నురగ, వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"బాబాయ్, నాలుగో సగం ఎవరికి వాడావు?"

"ఆ చివరాయనకి." తల ఎత్తకుండానే అన్నాడు. "ఏడీ, లోపలికెళ్లాడా?"

"చివర నేనే ఉన్నాను బాబాయ్."

ఆయన నన్ను చూశాడు. నా చాపని చూశాడు. గోడని చూశాడు. నేలకి బెత్తెడు ఎత్తున గోడమీద నురగ మరక మెల్లగా కిందికి జారుతోంది.

"నన్నే రెండుసార్లు గీసుంటావులే," అన్నాడు బాకా ఆవలిస్తూ. "నా మొహం పెద్దది కదా, ఇద్దరనుకున్నావు."

బాబాయ్ నవ్వలేదు. చేతులు చూసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "కళ్లమీద తువ్వాలుంది, పైభాగం చూడలేదు. మీ గడ్డాలు రెండు రోజులవి, ఒక రోజువి. ఆయనది మూడు రోజుల గడ్డం. ఎడమ దవడ కింద కుట్లు. ఏడు. నల్ల దారం ఇంకా విప్పలేదు. వాటి చుట్టూ వదిలేసి గీశాను. చల్లగా ఉంటే… ఐసు తువ్వాలు వల్లనుకున్నాను." పటిక ముక్క పెట్టెలో పెట్టాడు. "రెండుసార్లు అడిగాను, మంటగా ఉందా అని. పలకలేదు. అప్పుడన్నా నాకు గుర్తు రావాల్సింది."

బాకా ఆవలింత సగంలో ఆగిపోయింది.

ముగ్గురం మా దవడలు తడుముకున్నాం. బాత్రూంలోంచి మా వాడు తుడుచుకుంటూ వచ్చాడు. ఎవరూ చూడకుండా చూశాను. గడ్డం కింద నున్నగా ఉంది. గీత కూడా లేదు. "ఏంటి బావా అలా చూస్తున్నావు? మెరుస్తోందా?" అన్నాడు.

"మెరుస్తోందిరా," అన్నాను.

బాబాయ్ ఆ రోజు ఆసుపత్రికి వెళ్లలేదని తర్వాత తెలిసింది.

పదకొండుకి సంతకాలయ్యాయి. ఫొటోలో మా వాడి మొహం నిజంగానే వెలిగిపోతోంది. మా ఆవిడ వాడి బుగ్గ గిల్లి, "ఇప్పుడొచ్చింది పెళ్లికళ," అంది. నావైపు చూసి, "పర్లేదే, పని చేశారు," అని కూడా అంది. ఆ రాత్రి ఇంట్లో అద్దం ముందు మళ్లీ నా దవడ తడుముకున్నాను. ఆదివారం బాకాకి ఫోను చేసి, బండి నెమ్మదిగా నడపమన్నాను. "అన్నా, నువ్వూ రోడ్డు చూసి దాటు," అన్నాడు వాడు. నవ్వుతూ అనలేదు. మా వాడి గురించి ఎందుకో నాకు అంత అనిపించలేదు. పెళ్లయి ఒక్కరోజు కాలేదు, మెరిసిపోతున్నాడు. భయమంతా మా ఇద్దరిదే అనుకున్నాను.

సోమవారం డ్యూటీలో చేరాను. సోమ, మంగళ రెండు రాత్రులూ ఆఫీసులోనే పడుకున్నాను, మనుషులు తక్కువగా ఉన్నారు. బుధవారం సాయంత్రం ఆరూ పదికి ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉన్నానంది. పెళ్లికూతురు డ్యూటీకి వెళ్లింది, తోడుగా తనుందట.

"తోడెందుకు?"

"కంగారు పడకండి. వాడు ఆదివారం సాయంత్రం బాత్రూంలో పడ్డాడు. ఆ మొహానికి రాసుకునే నూనె ఏదో, సీసా ఒలికింది, దానిమీద జారాడు. సింకు అంచు తగిలింది. మీకు చెప్పొద్దన్నాడు. పదకొండు సీసాలవాడు సీసామీదే జారాడని ఆఫీసంతా చెప్పుకుని నవ్వుతారట మీరు."

నేను నవ్వలేదు. "ఎక్కడ తగిలింది?"

"దవడ కింద. ఎడమవైపు."

"కుట్లు పడ్డాయా?"

"ఏడు. శుక్రవారం విప్పుతారు. అందాకా కత్తి తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. రోజూ నున్నగా గీసుకునేవాడు, పాపం మూడు రోజుల గడ్డంతో ఎలా ఉన్నాడో చూడాలి."

సోమ, మంగళ, బుధ. వేళ్లమీద రెండుసార్లు లెక్కపెట్టాను. లెక్క మారలేదు.

"వాడికి ఒకసారి ఫోనివ్వు."

"పడుకున్నాడండీ. మంచం మెత్తగా ఉంది, మెడ లాగుతోందని హాల్లో గోడపక్క చాప వేసుకున్నాడు. ఇందాకటిదాకా మంట, మంట అన్నాడు. తువ్వాలు ఐసు నీళ్లలో ముంచి కళ్లమీద వేశాను. ఇప్పుడు హాయిగా నిద్రపట్టింది."

"లేపు."

"ఇప్పుడేగా పడుకుంది…"

"లేపమంటున్నానా!"

ఆమె నడిచి వెళ్లడం ఫోనులో వినిపించింది. వంగినట్టుంది, గాజులు చప్పుడయ్యాయి.

"ఒరేయ్… బావ మాట్లాడతారట. మంటగా ఉందా?"

గాజులు మళ్లీ చప్పుడయ్యాయి.

"మంటగా ఉందా నాన్నా?"