వాగు అవతలి బీడు

ఆదివారం పొద్దున సంధ్య ముగించుకుని భీమసేనరావు తాను గీస్తున్న పటం ముందు కూర్చున్నాడు. ఆదోని బడిలో డ్రాయింగు మాస్టరు. బట్టమేక పిట్టలు గుడ్లు పెట్టే బీళ్లు తిరిగి చూసి పటం గీసే పని ఆ ఏడు, ఎనభై రెండులో, అటవీశాఖవాళ్లు ఆయనకు అప్పజెప్పారు. ఎర్రగీత లోపలి నేలను కాపాడతారు, బయటిది సేద్యానికి పోతుంది. మరునాడే జీపు వచ్చి పటం పట్టుకుపోతుంది.

కాఫీ తెచ్చిన ఇందిరాబాయి వంగి చూసి, వాగు అవతల గీత ఎందుకు లేదని భర్తను అడిగింది. అక్కడ పిట్టలు లేవన్నాడాయన, తల ఎత్తకుండా.

"మీరు పోయి చూసినారా?"

ఆయన చూడలేదు. పదకొండేళ్ల కిందట తొమ్మిది రోజుల పసిబిడ్డను ఆ బీట్లోనే తన చేతులతో పూడ్చాడు. పురిటి బిడ్డలకు దహనం లేదు, గుర్తురాయి లేదు, తద్దినమూ లేదు. మరిచిపొమ్మన్నారు పెద్దలు. ఆయన అటువైపు పోలేదు గానీ ఆ బీడే ఆయన్ని వదల్లేదు. వానాకాలంలో మగపిట్ట దూరాన మూలిగితే మట్టికింద నుంచి ఎవరో పిలిచినట్టుండి ఒళ్లు జలదరించేది. మొన్న వాగు దాకా పోయాడు. దాటలేక వెనక్కి తిరిగాడు. ఖాళీ అని రాసేశాడు.

"ఏటా ఆ బీట్లో పిట్ట ఒక్క గుడ్డు పెడుతుంది, ఉత్త నేలమీదనే. ఈయేడూ పెట్టింది," అంది ఇందిరాబాయి.

"నీకెట్ల తెలుసు?"

"మంత్రాలయం పోయొస్తానని చెప్పి ఏటా ఆడికే పోతాండాను. ఆనాడు మీకు తోడు వచ్చినాయన బిడ్డ చోటు చూపించినాడు."

స్వామి పేరు చెప్పి ఇన్నేళ్లు అబద్ధమాడినావా అని ఆయన గద్దించాడు. ఆమె బెదరలేదు.

"మీరు మరిచిపోయినారనుకున్నాను. కదిలించేదెందుకని ఊరకున్నాను. ఇప్పుడు మీ చేత్తోనే దున్నిస్తాండారు, ఎట్ల ఊరకుండేది?"

ఆయన కోపమంతా నీరుగారిపోయింది. "మరిచిపోలేదు ఇందిరా. భయపడినాను," అన్నాడు.

చూడకుండా గీయనని ఆ పూటే ఆయనే ఆమెను బయల్దేరదీశాడు. బస్సు దిగి, వాగు దాటి, గడ్డిలో ఆమె ఆగమన్నచోట ఆగాడు. కాస్త దూరంలో పిట్ట పొదుగుతోంది. ఇవతల, బిడ్డను పూడ్చిన చోటని ఆమె చూపించిన దగ్గర, నేల అన్ని నేలల్లాగే ఉంది. భీమసేనరావు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇందిరాబాయి భుజం మీద చెయ్యి వేసింది.

చాలాసేపటికి తేరుకుని కాగితం తీశాడు. పటంలో ప్రతి బీటికీ పేరుండాలి. ఈ చోటును ఏమంటారని అడిగాడు.

"ఊరోళ్లు పేరేమీ పెట్టలేదు," అంది ఆమె. "నేనైతే వేదవతీ అని పిలుస్తాను."

నామకరణం దాకా బతకని తన బిడ్డకు పేరుందని ఆయనకు ఆనాడే తెలిసింది. రాయబోయినవాడు ఆగి, ముందు నోరారా ఒకసారి ఆ పేరు పిలిచాడు.