ఎడమకు వాలిన ముడి

శవం నీళ్లలో బోర్లా తేలుతోంది. ఒంటి మీద బూడిద రంగు సూటు. మెడలో టై. కాళ్లకు పాలిష్ చేసిన బూట్లు.

ఆదివారం ఉదయం వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్‌కు వచ్చినవాళ్లు చూసి పోలీసులకు ఫోన్ చేశారు. ఇన్‌స్పెక్టర్ శోభారాణి చేరేసరికి శవాన్ని ఒడ్డుకు లాగారు. ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. కాజీపేటలో ఆ సూటు తెలియనివాళ్లు లేరు.

ఫ్రాన్సిస్. రిటైర్డ్ స్టేషన్ మాస్టర్. ఎప్పుడో కుట్టించుకున్న మూడు సూట్లనే మార్చి మార్చి తొడుక్కునేవాడు. బ్యాగీ ప్యాంట్లు వచ్చి పోయాయి. చిరుగుల జీన్సు వచ్చింది. ఆయన కోటు కాలరు వెడల్పు మారలేదు, ప్యాంటు ఇస్త్రీ మడత చెదరలేదు. వాడలో కుర్రాళ్లు చాటుగా నవ్వేవారు. పెళ్లి కుదిరితే ఆ కుర్రాళ్లే ఆయన గుమ్మం ముందు నిలబడేవారు, టై కట్టించుకోవడానికి.

పోస్ట్‌మార్టం రిపోర్టు నీట మునిగి చనిపోయాడంది. దెబ్బలు లేవు. పర్సు, వాచీ, ఉంగరం అన్నీ ఉన్నాయి.

భార్య ప్రమీల చెప్పింది కొంచెమే. తాను నిద్రలో ఉందట. మొదటి పూజకని ఆయనే తయారై చర్చికి బయలుదేరాడట. పిల్లలు లేని ఇల్లు. చూసినవాళ్లెవరూ లేరు.

హెడ్ కానిస్టేబుల్ సారంగపాణి మధ్యాహ్నానికే ఒకణ్ని పట్టుకొచ్చాడు. దానియేలు, ఫ్రాన్సిస్ తమ్ముడి కొడుకు. ఫిబ్రవరిలో వాడి పెళ్లి జరిగిన రోజు పెద్ద గొడవైంది. ఫ్రాన్సిస్ వాణ్ని గెంటేసి తలుపేసుకోవడం గల్లీ అంతా చూసింది. అప్పటినుంచి మాటల్లేవు. ఆదివారం పొద్దున ఎక్కడున్నావంటే వాడి దగ్గర సాక్ష్యం లేదు.

"ఎందుకు కొట్లాడినవ్?"

"నేను కొట్లాడలే మేడమ్. కట్టమని టై చేతికిచ్చిన. ఒక్కసారే గట్టిగ ఒర్లిండు."

"ఇచ్చిన వెంటనే ఒర్లిండా?"

"లేదు. జరసేపు దాన్ని చూసిండు. ఎన్నడు చూడనట్టు చూసిండు."

సారంగపాణి ఆ మాట పట్టించుకోలేదు. శోభారాణికి మాత్రం అది మనసులో గుచ్చుకుంది.

శవం ఫొటోలు టేబుల్ మీద పరిచింది. నీళ్లకు బిగుసుకుపోయిన టై ముడి కొద్దిగా ఆయన ఎడమకు వాలి ఉంది. సాయంత్రం ప్రమీల ఇంటికి వెళ్లి గోడ మీది ఫొటోలు చూసింది. పెళ్లి ఫొటో, రిటైర్మెంట్ ఫొటో. అన్నిట్లో ముడి ఆయన కుడికే వాలి ఉంది.

శోభారాణి రోజూ పొద్దున కొడుకు స్కూల్ టై తనే కడుతుంది. మర్నాడు ఆ టైని స్టేషన్‌లో తన మెడకు కట్టుకుని అద్దంలో చూసింది. విప్పి, సారంగపాణి ఎదురుగా నిలబడి అతని మెడకు కట్టింది. ముడి రెండో పక్కకు వాలింది.

"అంటే చంపినోడే టై కట్టిండా మేడమ్?" అన్నాడు సారంగపాణి.

శోభారాణి దానియేలు ఫోన్ తీసుకుని, పోయిన క్రిస్మస్‌కు చర్చి ముందు ఫ్రాన్సిస్‌తో దిగిన ఫొటో పెద్దది చేసి చూసింది. అందులోనూ ముడి ఎడమకే ఉంది.

మంగళవారం సమాధి కార్యక్రమం అయ్యాక శోభారాణి, సారంగపాణి ప్రమీల ఇంట్లో ఆమె ఎదురుగా కూర్చున్నారు. స్టేషన్ నుంచి వదిలేసిన దానియేలు గుమ్మం దగ్గరే ఆగాడు. ఫొటోలు ముందు పెట్టి శోభారాణి మెల్లగా చెప్పింది. కనీసం పోయిన క్రిస్మస్ నుంచి ఆయన టై ఆయన కట్టుకోవడం లేదు. ఎదురుగా నిలబడి ఇంకొకరు కడుతున్నారు. ఈ ఇంట్లో ఉన్నది ఇంకొక్కరే.

"ఆదివారం నువ్వు నిద్రపోలేదమ్మా."

ప్రమీల దాచలేదు. అడిగేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టే చెప్పుకుపోయింది. ఆయన మొదట టై ముడి మర్చిపోయాడు. తర్వాత గుండీలు. తర్వాత ఆమె పేరు. సూటు తొడిగితే మాత్రం నిటారుగా నిలబడేవాడు, ఎదురైనవాళ్లకు తల వంచి నమస్కరించేవాడు. లోపల మనిషి లేడని ఎవరికీ తెలిసేది కాదు. అందుకే రోజూ తొడిగేది. ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఒంటి మీద నూలుపోగు లేకుండా గేటు దాటాడు. ఎండకు గల్లీలో ఎవరూ లేరు, లాక్కొచ్చింది. ఆ సాయంత్రం కాసేపు తెలివొచ్చి, జరిగింది విని, నన్నట్లా ఎవరికీ కనబడనియ్యకని చేతులు పట్టుకున్నాడు.

ఆదివారం తెల్లవారుతుండగా ఆయనను చెరువు మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లలో తన నీడ చూసి ఆయన ఎవరో పెద్దమనిషి అనుకున్నాడు. నమస్కారం పెట్టాడు. దగ్గరికి పోతానన్నాడు.

"నేను నీళ్లల్లకు నూకలే మేడమ్. పట్టుకోను గూడ పట్టుకోలే."

దానియేలు గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు. నాకు చెప్తే నేను చూసుకోకపోదునా పెద్దమ్మా అన్నాడు. ఆమె వాడి వైపు తిరగలేదు.

"ఒక్కటి అడుగుత మేడమ్. జబ్బు సంగతి రాయకుండ్రి. నేనే నూకిన అని రాసుకోండ్రి."

"అట్ల రాస్తే మర్డర్ అయితదమ్మా. బతుకంతా జైలే. జబ్బు ఉందంటేనే కోర్టు కొంచెమన్న జాలి చూపుతది."

"జాలి నాకెందుకు? ఆయన పోయిండు. ఆయన పేరన్న ఉండనియ్యి."

శోభారాణి వాంగ్మూలం కాగితం ముందుకు లాక్కుంది. అబద్ధం రాయడం కుదరదు. నిజం రాస్తే డాక్టర్లు, సాక్షులు, పేపర్లు. వారం తిరగకుండా కాజీపేటలో ప్రతి టీ కొట్టు దగ్గరా ఫ్రాన్సిస్ బట్టల్లేకుండా నిలబడతాడు.

పెన్ను మూత తీసింది. మొదటి వాక్యంలోనే ఆ జబ్బు పేరు రాసింది.

ప్రమీల ఆ అక్షరాలను చూసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భర్త పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి.