డోసెంటు పోస్టుకి ఇద్దరు

మార్చి ఎనిమిదిన, మహిళా దినోత్సవం నాడు, బల్గేరియా రాజధాని సోఫియాలో ఆడవాళ్లందరికీ పువ్వులిస్తారు. ఎకనామిక్స్ డిపార్టుమెంటులోనూ ఇచ్చారు. పువ్వులందుకున్న లేడీ లెక్చరర్లే బనిత్సా అనే చీజు రొట్టె కోసి, కాఫీ కలిపి మగవాళ్లకు అందించారు. అందులో వింతేముందో అక్కడే లెక్చరరైన ల్యూబెన్‌కి ఆ రోజు వరకూ తోచలేదు.

ఖాళీగా ఉన్న డోసెంటు పోస్టుకి, అంటే అసోసియేట్ ప్రొఫెసరు పోస్టుకి, అతనూ తోటి లెక్చరరు జోర్నిత్సా ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. హెడ్డు ప్రొఫెసర్ గైదరోవ్ బనిత్సా నములుతూ అతని భుజం తట్టాడు.

"డోసెంటు పోస్టు నీదేనోయ్. జోర్నిత్సా తెలివైందే, కాదనను. కానీ రేపు పెళ్లంటుంది, ఆపైన పిల్లాడంటుంది, రెండేళ్లు సెలవంటుంది. నువ్వైతే సంసారం ఈదాల్సిన మగాడివి."

ల్యూబెన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా చేసే చాకిరీ విలువెంతో తేల్చడానికి జోర్నిత్సా ఆరేళ్లు ఊరూరా తిరిగింది. ఆ ఆరేళ్లూ ఈయనకు కంటికి ఆనలేదా?

నాలుగేళ్లుగా ఒకే గదిలో ఆమెకు ఎదురుగా కూర్చుంటూ, చూడనట్టే చూడటంలో ల్యూబెన్ ఆరితేరాడు. ఆ మధ్యాహ్నమే తన దరఖాస్తు వెనక్కి తీసుకుని ఆమె బల్ల మీద పెట్టాడు. ఆ కళ్లు మెరుస్తాయనుకున్నాడు. నిప్పులు కురిశాయి.

"ఎవరడిగారు నిన్ను?"

"నీ కోసమే... పోస్టు నీకు రావాలని."

"నువ్వు దయ తలిస్తే వచ్చిందని రేపు అందరూ అంటారు. పొద్దున వాళ్లిచ్చిన పువ్వుకీ దీనికీ తేడా ఏంటి ల్యూబెన్?"

త్యాగం చేశానని మురిసిపోతూ వచ్చినవాడికి చెంప ఛెళ్లుమన్నట్టయింది.

"రేపే మళ్లీ పెట్టు. బాగా చదువుకుని రా. ఓడిస్తాను."

పెట్టాడు. రోషం కొద్దీ బాగానే చదివాడు కూడా. బయటి ఊళ్ల ప్రొఫెసర్లతో కలిపి ఏడుగురున్న కమిటీ ముందు ఇద్దరూ లెక్చరిచ్చారు. ఆమెకు నాలుగు ఓట్లు, అతనికి మూడు. గైదరోవ్ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

బయట వాన పడుతోంది. జోర్నిత్సా మెట్ల మీద గొడుగు విప్పుతూ అడిగింది.

"బాధగా ఉందా?"

"చాలా ఉంది. ఇంకో ఓటు పడుంటే నాదే."

"నిజం చెప్పావు. సంతోషంగా ఉందని కోతలు కోసుంటే నిన్ను పెళ్లి చేసుకునేదాన్ని కాదు."

ల్యూబెన్ మెట్టు మీదే కొయ్యబారిపోయాడు.

"నేనింకా అడగలేదు కదా."

"నాలుగేళ్లు చూశాను. దానికీ నోటిఫికేషను వేయాలా?"

అతను ఆమె గొడుగు కిందికి వచ్చాడు. అక్కడ నిలబడి, అడగాల్సింది అడిగాడు.