మూడో పాయింట్ పెట్టని మాస్టారు

"రెండే పాయింట్లు చూసి గీత గీసినోడు గాడిద!"

అఫ్జల్‌గంజ్ ట్యూషన్ సెంటర్‌లో ఆల్జీబ్రా చెప్పే డానియేలుకు ఇది ఊతపదం. లీనియర్ అయితే గీత దిగుతూనే పోతుంది, క్వాడ్రాటిక్ అయితే దిగింది మళ్లీ లేవొచ్చు, ఏదన్నది మూడో పాయింట్ పెడితేనే తేలుతుందని బల్లగుద్ది చెప్పేవాడు. అంతటి మేధావీ తన సొంత లెక్క దగ్గరికొచ్చేసరికి నిక్షేపంగా గాడిదైపోయాడు.

సోమవారం సైన్స్ చెప్పడానికి కొత్తగా సోనీ వచ్చింది. వస్తూనే అతని బోర్డు తుడిచేసింది.

"అయ్యో మేడమ్, నా గ్రాఫు!"

"గ్రాఫా? పిల్లలెవరో పాము బొమ్మేసిన్రనుకున్న!"

పకపకా నవ్వింది. చాయ్ తాగినంతసేపూ ఆపకుండా కబుర్లు చెప్పింది. డానియేలు అక్కడికక్కడే పడిపోయాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వేడి జిలేబీ పొట్లం పట్టుకుని వెళ్లాడు. సోనీ "ఊఁ" అంది, "ఊహూఁ" అంది, జిలేబీ చూసి మొహం తిప్పేసుకుంది.

నిన్న అన్ని మాటలు, ఇవాళ ఇన్నే. మనవాడు మనసులోనే రెండు పాయింట్లు కలిపేసి, రేపటికి సున్నా అని తేల్చేశాడు. ఏడుపు మొహంతో సెంటర్ నడిపే పురుషోత్తం దగ్గరికెళ్లి, "అన్నా, నన్ను సంతోష్‌నగర్ బ్రాంచికి పంపు" అని అడిగేశాడు కూడా.

బుధవారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక సోనీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బ్రాంచి మారుతున్నరంట? నేనేం జేసిన సార్?"

"మీరేం జెయ్యలే. నాతోని మాట్లాడుడు మీకిష్టం లేదని సమజైంది."

"గదెట్ల సమజైంది?"

ఆ మహానుభావుడు సిగ్గు లేకుండా చాక్‌పీసు తీసుకుని సోమవారం, మంగళవారం అని రెండు పాయింట్లు పెట్టి, గీత గీసి చూపించాడు.

"ఓర్నీ! నిన్న పొద్దుగాల జ్ఞానదంతం పీకించుకున్న సార్! నోట్ల దూది వెట్టుకొని ఏం మాట్లాడాలె? జిలేబీ జూస్తే నోరూరుతుందని అటు తిరిగిన."

పన్ను పోయింది ఆమెకి, జ్ఞానం పోయింది తనకి. భూమి చీలితే బాగుండుననిపించింది డానియేలుకి.

"రెండే పాయింట్లు చూసి గీత గీసినోడు ఏంది సార్? గోడ అవతలికి గూడ ఇనబడ్డది."

"గాడిద," అన్నాడు బుద్ధిగా.

సోనీ చాక్‌పీసు లాక్కుని, సోమవారం కంటే పైన ఇంకో పాయింట్ పెట్టింది.

"గిది ఇయ్యాల. ఇప్పుడు గీయుండ్రి."

డానియేలు బోర్డు వదిలేసి ఆమెనే చూస్తూ గీశాడు. ఈసారి నిజంగానే పామొచ్చింది.

"సోనీ గారూ, మీరంటే నాకు మస్తు ఇష్టం," అనేశాడు గబగబా. "ఒక్క నిమిషం, నేను పోనని పురుషోత్తం అన్నకు చెప్పొస్త!"

"చెప్పే పని లేదు. పొద్దుగాలనే నేను పోయి లొల్లి జేసిన, మిమ్మల్ని యాడికీ పంపొద్దని."

చెప్పేశాక ఆమె మొహం ఎర్రబడింది.

"ఇగ నడువుండ్రి సార్. జిలేబీ ఒక పక్కతోని తింట."