రెక్క లోపలి చెయ్యి

నాలుగు పక్కలా జిగురు పెట్టి మూసేసిన విమానం రెక్కలో మనిషి పడతాడా? నవ్వకండి, జవాబు చెప్పండి. జానెడు మందం కూడా లేని రెక్క.

మా సత్యదేవ్ బాబాయ్ బొల్లారంలో రేకుల షెడ్డు తీసుకుని మూడేళ్లుగా ఇద్దరు కూర్చునే విమానం కడుతున్నాడు. రేపు, ఆదివారం తెల్లారి, దాన్ని మొదటిసారి ఎగరేస్తాడు. పక్క సీటు నాది. దాని కోసం ఏడాది వాదించి గెలిచాను.

నిన్న మధ్యాహ్నం రంగు నునుపు చేసే పని. దుమ్ము పడకూడదని షట్టర్ దించేశాం, ఫ్యాన్ ఆపేశాం. థిన్నర్ వాసన, ఎండకి కాలిన రేకు వాసన. బోయిగూడలో కార్లకు రంగులేసే అల్లాఉద్దీన్ భాయ్ తెల్లటి కుడి రెక్క మీద నల్లపొడి పూశాడు.

"ఎమరీ పేపర్‌తోని జెర మెల్లగ రుద్దు బేటీ. ఎత్తున్న కాడ నలుపు ముందు పోతది, గుంతల్ల మిగుల్తది. పొడి అబద్ధమాడదు, మీ కాలేజీ డిబేట్ల లెక్క కాదు."

రుద్దాను. నలుపు మధ్య తెల్లగా ఒక మచ్చ తేలింది. దాని పైన వేళ్లు. అరచెయ్యి.

"ఎవరో ఒత్తారు భాయ్."

"ఒత్తితే గుంత పడాలె, నలుపు మిగలాలె. ఇది లేచింది." గొంతు తగ్గించాడు. "లోపల్నుంచి."

బాబాయ్ వచ్చి చూశాడు. "జిగురు పొంగిందమ్మా. రుద్దెయ్యండి."

"కోసి చూద్దాం బాబాయ్."

"మూడేళ్ల పని. నీ వాదన కోసం కొయ్యనా?"

సమమయ్యేదాకా రుద్దాం. మళ్లీ పొడి పూశాం. మళ్లీ అదే చెయ్యి... ఈసారి వేళ్లు విడివిడిగా. ఉంగరపు వేలు సగమే ఉంది.

బాబాయికీ కుడిచేతి ఉంగరపు వేలు సగమే. ఈ రెక్కకి చెక్క కోస్తూ పోగొట్టుకున్నాడు.

పేపర్ వదిలేశాను. భాయ్ కూడా ఆపాడు. రుద్దుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు... రెక్క లోపల్నుంచి... మెల్లగా... మా చేతుల లయలోనే.

బాబాయ్ తన చెయ్యి దాని మీద పెట్టాడు. సరిపోయింది. మెరుగుపెట్టే బఫింగ్ మిషన్ అందుకుని ఆ ఒక్కచోటే పావుగంట తిప్పాడు. రెక్క అద్దమైంది.

"చూశావా, ఏం లేదు."

"నేను రాను. నువ్వూ వెళ్లకు."

"ఒక్కణ్ణే వెళ్తాలే."

ఈ ఉదయం ఎడమ రెక్కకి పొడి పూశాం. అటువైపే నా సీటు. ఒక చిన్న చెయ్యి లేచింది. మణికట్టు దగ్గర మూడు చుట్ల దారం గుర్తు. భాయ్ నా మణికట్టు దారం చూసి, చూపు తిప్పుకున్నాడు.

రానని చెప్పాను కదా... మరి అదెందుకు అక్కడుంది?

రేపు పొద్దున ఐదింటికల్లా షెడ్డుకి రండి. చక్రాలకు గొలుసేసి తాళం పెట్టండి. నేనే వచ్చి తాళంచెవి అడిగినా, ఎంత వాదించినా, ఇవ్వకండి.