మూడేళ్ళు చిన్నవాణ్ణి

"వయసు?" తల ఎత్తకుండానే అడిగింది ఫిజియోథెరపిస్ట్.

"ఇరవై రెండు," అన్నాను.

కోదాడ కాలేజీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ మ్యాచ్. నాలుగో ఓవర్లో బంతి వదిలేసరికి నడుములో ఏదో కలుక్కుమంది. పిచ్ మీదే కూలబడ్డాను. జట్టువాళ్ళు ఇద్దరు చెరో రెక్క పట్టుకొని మిర్యాలగూడలోని ఈ క్లినిక్‌లో దింపి, బయట కూర్చున్నారు.

ఆమె పెన్ను ఆగింది. తలెత్తి నన్ను తేరిపార చూసింది.

"సాగర్ గదా? నేరేడుచర్ల హైస్కూల్?"

అప్పుడు గుర్తుపట్టాను. సరిత! త్రిపురారం దగ్గరి తండా నుంచి వచ్చి, మేనమామ ఇంట్లో ఉండి మాతో పదో తరగతి చదివిన సరిత.

"నాకు ఇరవై ఐదు. పదో తరగతిల నువ్వు నా ఎనక బెంచిల కూసుంటుంటివి. నాకన్నా మూడేండ్లు చిన్నోడివి ఎప్పుడైనవ్?"

"మెల్లగ సరితా! క్రికెట్ బోర్డుల గట్లనే రాసి ఉంది. అండర్ 23 ఆడుతున్న. జర ఇరవై రెండే రాయి."

"ఇది రిపోర్ట్. వయసును బట్టే ట్రీట్‌మెంట్ ఉంటది. నీ ఎన్నుపూస బర్త్ సర్టిఫికెట్ సదవదు గద."

"నువ్వు డాక్టర్‌వా, పోలీసువా?"

"నువ్వు పేషెంట్‌వా, దొంగవా?"

రోషంగా లేచాను. లేవబోయాను అనాలి. సగంలోనే "అమ్మా" అని కూలబడితే, ఆమె నవ్వు కనబడకుండా ఫైల్ అడ్డం పెట్టుకుంది. ఆ ఫైల్ మీద ఇరవై ఐదు అనే రాసింది.

దొంగ అన్న మాట తప్పేమీ కాదు.

నాకు పదహారేళ్ళప్పుడు సూర్యాపేటలో అండర్ 14 సెలక్షన్లు జరిగాయి. అప్పటి కోచ్ ఒకాయన మా బాపుతో, "మూడేండ్లు తగ్గియ్యి, పిల్లగాడు ఎక్కడికో పోతడు," అన్నాడు. మా బాపు గేమ్యాకు క్రికెట్ తెలియదు. నేను బాగుపడాలన్న ఆశ ఒక్కటే తెలుసు. ఎవరినో పట్టుకొని కొత్త సర్టిఫికెట్ తెచ్చాడు. నేను పొద్దున్నే మీసం గీక్కొని పోయి, పదమూడేళ్ళ పిల్లలకు బౌలింగ్ చేశాను. నా బంతి హెల్మెట్‌కు తగిలి ఒక పిల్లవాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే అందరూ నాకు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అక్కణ్ణుంచి జిల్లా, రాష్ట్రం, అండర్ 23. రంజీ జట్టు ఇంకొక్క మెట్టు దూరంలో ఉంది.

రోజూ నేరేడుచర్లలో షేర్ ఆటో ఎక్కి మిర్యాలగూడ పోయేవాణ్ణి. వానలు మొదలయ్యాయి. సగం తడిసి వెళితే సరిత తువ్వాలు విసిరేది.

"ఫాస్ట్ బౌలర్‌వి గద, వాన కన్నా జల్ది ఉరకరాదు?"

"ఉరకనీకి నడుం నీ చేతిల ఉందాయె."

"అయితే నోరు మూసుకొని పండు."

నోరు మూసుకొని పడుకునేవాణ్ణి. ఆమె పక్క బెడ్ దగ్గరికి పోతే మాత్రం కళ్ళు మూతపడేవి కావు. వారం తిరిగేసరికి నొప్పి తగ్గుతున్నందుకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు రాకేష్ వచ్చాడు. సూర్యాపేటవాడు, నాలాగే ఫాస్ట్ బౌలర్. రెండు సీజన్ల నుంచి నాతోనే ఉన్నాడు, కాకపోతే బెంచి మీద. నేను ఆడితే వాడు మాకు నీళ్ళు మోయాలి. బైక్ మీద బత్తాయిలు తెచ్చాడు.

"జల్ది లేవురా. నీ ఫిట్‌నెస్ రిపోర్ట్ వస్తెనే టీమ్ చెప్తరట."

"నేను లేవకుంటే నువ్వు ఆడతవ్ గదరా."

"గట్లెందుకంటవ్? నాకు ఇదే ఆఖరి సీజన్, నిజమే. ఏజ్ దాటిపోతది. అయినా నీ నడుం ఇరిగి నేను ఆడాల్నా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

సరిత ఒక బత్తాయి ఒలిచి నా చేతిలో పెట్టింది.

"తిను. తీపున్నదా?"

తొన పక్కన పెట్టేశాను. "పోయి చెప్తవా అందరికి?" అని ఆమె మీదే కోపం చేశాను.

"నేనెందుకు చెప్త? తొమ్మిదేండ్ల కిందనే నీకోసం అబద్ధమాడిన." ఆమె తువ్వాలు మడతపెడుతూ చెప్పింది. "నీ ఫొటో పేపర్ల పడితే కత్తిరించి పుస్తకంల పెట్టుకున్న. మా క్లాసోడే అని అమ్మకు సూపెట్టిన. పక్కింటామె సదివింది, పదమూడేండ్ల సాగర్ అని. 'పదమూడేండ్లకే పదో తరగతా? అబద్ధం నీదా, వానిదా?' అన్నది అమ్మ. నీ పేరు ఖరాబైతదని, నేనే తప్పు చెప్పిన అన్న. అమ్మ ముంగట నేను అబద్ధాలకోరునైన."

ఫొటో ఎందుకు దాచుకున్నావని అడగాలనిపించింది. అడిగే ముఖం లేదు.

ఆ సాయంత్రం బాపు పొలంలో మడమల లోతు నీళ్ళలో ఉన్నాడు. గట్టు మీద నిలబడి, నిజం చెప్పేస్తానన్నాను. ఆట పోతుందని కూడా చెప్పాను. ఆయన పార గట్టున గుచ్చి పైకి వచ్చాడు.

"ఆ కాగితం తెచ్చింది నేను బిడ్డా. నువ్వొక్కనివే పోయి తల దించుకుంటవా? నేనొస్త."

హైదరాబాద్ పోతూ ముందు సూర్యాపేటలో దిగాం. రాకేష్ ఇంటి వాకిట్లో నిలబడే వాడికి అంతా చెప్పాను. వాడు కొట్టినా బాగుండేది.

"రెండేండ్లు నీళ్ళు మోసిన. ఇన్నాళ్ళు రా అని పిలిచిన," అన్నాడు మెల్లగా. "ఇగ నిన్ను అన్నా అనాల్నా?"

తలుపు వేసుకున్నాడు.

హైదరాబాద్‌లో క్రికెట్ ఆఫీసు పెద్దమనిషి ముందు బాపు చేతులు కట్టుకున్నాడు. నా తప్పుకు ఆ చేతులు కట్టుకోవడం చూడలేక నేల చూశాను. రెండేళ్ళ నిషేధం పడింది. నా జాగాలో రాకేష్‌ను తీసుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే ఐదు వికెట్లు తీశాడు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తడు.

నా సంగతి పేపర్లో వచ్చింది. షేర్ ఆటోలో ఇద్దరు నన్ను చూసి గుసగుసలాడితే మధ్యలోనే దిగి మా తండాకు నడిచిపోయాను. మిర్యాలగూడ పోవడం మానేశాను.

పది రోజులకు మా వాకిట్లో ఆటో ఆగింది. సరిత దిగింది. వెనకే వాళ్ళమ్మ ద్వాళి.

"ఎక్సర్‌సైజులు ఎవలు జేస్తరు, నేనా?"

"ఏ ముఖం పెట్టుకొని రావాలె సరితా?"

"ముఖంతోని నాకేం పని? నడుం తెస్తే సాలు."

అక్కడికక్కడే చాప పరిపించి, మోకాళ్ళ మీద, చేతుల మీద పిల్లిలా నిలబెట్టింది. బాపు చాయ్ తెచ్చి, తల వంచుకొనే ద్వాళికి ఇచ్చాడు.

"మా గురించి పేపర్ల రాసిన్రు అక్కా. తెల్సా?"

"నా బిడ్డ సదివి ఇనిపించింది. ఎవలు పట్టుకోకముందే తండ్రీ కొడుకులు పోయి చెప్పిన్రట గద. ఆ ముక్క రెండుసార్లు సదివించుకున్న." ఆమె నావైపు తిరిగింది. "రెండేండ్లు ఏం జేస్తవ్ బిడ్డా?"

"బాపుతోని పొలం జేస్త. కోదాడల పిల్లలకు బౌలింగ్ నేర్పుత, రానిస్తే. తర్వాత మళ్ళ ఆడత. ఛాన్స్ రాకున్నా సరే, దొంగతనంగ మాత్రం ఆడ."

"మా పిల్ల సంబంధాలన్ని వద్దంటున్నది. ఎందుకో నువ్వే అడుగు."

సరిత ముఖం ఎర్రబడింది.

"అమ్మా! ఎక్సర్‌సైజ్ నడుస్తున్నది."

పిల్లిలా వంగి ఉండగానే అడిగాను. ఇంకోసారి ధైర్యం వస్తుందో రాదో!

"సరితా, ఆట లేదు, పేరు పోయింది. అయినా నువ్వంటే నాకు పానం. నన్ను చేసుకుంటవా?"

"నడుం వంచు ముందు."

వంచాను.

"చేసుకుంట," అంది, నాకొక్కడికే వినపడేలా. "తల ఎత్తకు. ఇంకా పదిసార్లున్నది."

ఎత్తమన్నా ఎత్తేవాణ్ణి కాదు. చెవులదాకా సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళకు తల దించుకోవడం హాయిగా ఉంది.